మందుల డబ్బాలో ఐస్ ఎక్కడ పెట్టాలి?

సాయంత్రం పూట చెన్నై సెంట్రల్‌లోనో, బెంగళూరు మెజెస్టిక్‌లోనో కాసేపు నిలబడి చూడండి. గూడూరు, నెల్లూరు, మదనపల్లె, హిందూపురం వైపు వెళ్లే జనంలో ఒకరిద్దరి ఒళ్లో టేపు చుట్టిన థర్మాకోల్ డబ్బా కనిపిస్తుంది. పెద్దాస్పత్రిలో చూపించుకుని, అక్కడి మందుల షాపులో కొన్న ఇంజెక్షన్ అందులో ఉంటుంది. ఊళ్లో దొరకదు, రేటు వేలల్లో. అందుకే షాపతనితో "అన్నా, ఇంకో రెండు ఐస్ ప్యాకులు వెయ్యన్నా, దూరం పోవాల" అని అడిగి మరీ వేయించుకుంటారు. అతనూ కాదనలేక డీప్ ఫ్రీజర్ తెరిచి, రాయిలా బిగుసుకున్న రెండు ప్యాకులు తీసి, మందుకు అటొకటి ఇటొకటి ఆనించి మూత బిగిస్తాడు.

ఆ డబ్బాలో మందు చెడిందంటే చాలావరకు ఆ రెండు ప్యాకుల పుణ్యమే. ఎండకు అంత వాటా లేదు.

డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ప్యాకు మైనస్ 18, మైనస్ 20 దగ్గర ఉంటుంది. అది సున్నాకు వచ్చేదాకా తనను తాకిన ప్రతిదాన్నీ గడ్డకట్టిస్తుంది. ఒక మి.లీ. కూడా లేని సిరంజి దానికెంత? ఊరు చేరి డబ్బా విప్పేసరికి ప్యాకులు కరిగిపోయి ఉంటాయి, మందూ కరిగి మామూలు నీళ్లలాగే కనిపిస్తుంది. మధ్యలో గడ్డకట్టి కరిగిందని ఎవరికీ తెలియదు. అట్టపెట్టె మీద "2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి" అన్న మాట పక్కనే "గడ్డకట్టించరాదు" అన్న మాట కూడా అంతే స్పష్టంగా ఉంటుంది. మొదటిది అందరూ చదువుతారు, రెండోది ఎవరూ పట్టించుకోరు.

వేడి మంచిదని దీని అర్థం కాదు. కానీ వేడి చేసే చెడుపు నిదానం. కీళ్లవాతానికి వేసే అడాలిముమాబ్ సిరంజిని 25 డిగ్రీలు దాటకుండా 14 రోజుల దాకా బయట ఉంచవచ్చని అసలు బ్రాండు లేబులే చెబుతుంది (ఆ 14 రోజులు దాటితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు, పారేయాల్సిందే). వాడుకలో ఉన్న ఇన్సులిన్ 30 డిగ్రీల లోపు 28 రోజులు నిలుస్తుంది. గడ్డకట్టడానికి మాత్రం ఈ రెండిటి లేబుళ్లూ పది నిమిషాల గడువు కూడా ఇవ్వవు.

కారణం తెలియాలంటే వయల్‌లో, అంటే మందు సీసాలో, ఏముందో చూడాలి. ఆస్పిరిన్ అణువు బరువు 180 డాల్టన్లు (అణువుల బరువు తూచే కొలత). ఇన్సులిన్‌ది దాదాపు 5,800. క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ (ల్యాబులో తయారుచేసిన రోగనిరోధక ప్రోటీన్) ఒక్కోటి దాదాపు 1,50,000. ఇంత పెద్ద ప్రోటీన్ గొలుసు ఒక పద్ధతిలో మడతలు పడి ఉంటేనే మందు. మడత విప్పుకుంటే లోపల దాక్కున్న జిడ్డు భాగాలు బయటపడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. విరిగిన పాలు మళ్లీ పాలు కానట్టే, ముద్దకట్టిన ప్రోటీన్‌ను వెనక్కి తేలేం. ఆ ముద్దల వల్ల రెండు నష్టాలు: మోతాదులో కొంత పనికిరాకుండా పోవడం ఒకటి, ముద్దను చూసి శరీరం దాన్ని శత్రువనుకుని, మందుకే విరుగుడు యాంటీబాడీలు తయారు చేసుకోవడం రెండోది. రెండోదే పెద్దది. ఒకసారి విరుగుడు తయారైతే ఆ తర్వాత మంచి మందు ఇచ్చినా పని చేయకపోవచ్చు.

ఈ ముద్దకట్టుడు ఆపడానికే ఫార్ములేషన్, అంటే ప్రోటీన్‌తో పాటు మందులో ఇంకేం కలపాలన్న కూర్పు. హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటి బొమ్మసంద్ర, జిగని వైపు వెళ్తే ల్యాబుల్లో సగం మాటలు తెలుగే వినిపిస్తాయి. అక్కడ ఫార్ములేషన్ బెంచి మీద పనిచేసే పిల్లలకు ఈ నాలుగు పేర్లూ నిద్రలో అడిగినా వస్తాయి: బఫర్ (పీహెచ్‌ను, అంటే పులుపు స్థాయిని, మారనివ్వనిది), చక్కెర, సర్ఫాక్టెంట్, అవసరమైతే ఒక అమైనో ఆమ్లం. యాంటీబాడీలకు ఎక్కువగా హిస్టిడిన్ బఫర్, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. పీహెచ్ ఇంకా పైకి పోతే ఆస్పరజిన్ అనే భాగం అమ్మోనియా వదిలి మారిపోతుంది, మరీ కిందికి పోతే గొలుసు తెగుతుంది. రెండిటికీ మధ్య సందు అది. చక్కెర అంటే సుక్రోజ్ లేదా ట్రెహలోజ్, 5 నుంచి 9 శాతం. ఇది ప్రోటీన్ మడతను బిగించి పట్టుకోవడమే కాక, ద్రవం గాఢతను రక్తానికి సరిజోడు చేస్తుంది. 9 శాతం దాటీ దాటని సుక్రోజ్ నీళ్లు రక్తంతో సమానంగా ఉంటాయి. సర్ఫాక్టెంట్ అంటే పాలిసార్బేట్ 20 గానీ 80 గానీ, 0.01 నుంచి 0.1 శాతం దాకా. ఇంత చిటికెడు ఎందుకంటారా? గాలి తగిలే చోట, గాజు తగిలే చోట, మంచు తగిలే చోట ప్రోటీన్ పోయి చేరకుండా ముందే ఆ స్థలం ఆక్రమించుకోవడానికి. మజ్జిగ చిలికితే వెన్న పైకి చేరినట్టు, సర్ఫాక్టెంట్ లేని యాంటీబాడీ ద్రావణాన్ని ఊపితే నురగ మీద ప్రోటీన్ చేరి తరకలు కడుతుంది.

ఆ పాలిసార్బేట్ కూడా నమ్మకస్తుడేం కాదు. గాలీ వెలుతురూ తగిలితే అందులో పెరాక్సైడ్లు పుట్టి ప్రోటీన్‌లోని మిథియోనిన్ అనే భాగాన్ని ఆక్సీకరిస్తాయి. అందుకే ల్యాబులో పెద్ద సీసా కొని ఏడాది పొడుగునా వాడుకోకుండా చిన్న సీసాలు కొని, తెరిచాక నైట్రోజన్ పట్టించి, చీకట్లో పెట్టడం పద్ధతి. ఇంకో బెడద ఉంది. ప్రోటీన్ శుద్ధి చేసేటప్పుడు కణాల నుంచి వచ్చే లైపేజ్ ఎంజైములు పిసరంత మిగిలినా, ఫ్రిజ్‌లోనే నెలల తరబడి పాలిసార్బేట్‌ను కొరికి కొవ్వు ఆమ్లాలు వదులుతాయి. నిల్వ పరీక్ష కోసం 18 నెలలు ఉంచిన స్టెబిలిటీ శాంపిల్‌లో సన్నటి రేణువులు తేలాయంటే అందరూ ప్రోటీన్‌నే అనుమానిస్తారు. అవి కొవ్వు ఆమ్లాలని తేలేసరికి ఇంకో మూడు నెలలు గడుస్తాయి.

ఇప్పుడు గడ్డకట్టడం సంగతి. నీళ్లు మంచు అవుతుంటే మంచు స్ఫటికంలోకి నీళ్లు తప్ప ఏదీ పోదు. ప్రోటీన్, ఉప్పు, బఫర్ అన్నీ మిగిలిన కాస్త ద్రవంలోకి నెట్టబడి పదింతలు, ఇరవయ్యింతలు చిక్కబడతాయి. సోడియం ఫాస్ఫేట్ బఫర్ అయితే డైసోడియం ఉప్పు ముందే స్ఫటికమై పక్కకు పోతుంది, పీహెచ్ 7 నుంచి 4 దాకా జారిపోవచ్చు. హిస్టిడిన్ ఇంత నాటకం ఆడదు. కొత్త యాంటీబాడీలలో ఫాస్ఫేట్ తగ్గడానికి అదీ ఒక కారణం. దీనికి తోడు ప్రతి మంచు స్ఫటికానికీ ఒక ఉపరితలం, ప్రతి ఉపరితలం మీదా మడత విప్పుకునే అవకాశం.

మరి కంపెనీలే వయల్‌లో నింపకముందు బల్కు మందును సంచుల్లో మైనస్ 40లో గడ్డకట్టించి నెలల తరబడి దాస్తాయి కదా అంటే, దాస్తాయి. తేడా ఎక్కడంటే, సుక్రోజ్ ద్రావణం గడ్డకట్టాక మిగిలే చిక్కటి భాగం మైనస్ 32 దగ్గర గాజులా బిగుసుకుంటుంది. అంతకన్నా కింద ఉంచితే లోపల కదలిక ఆగిపోతుంది, చెడుపూ ఆగుతుంది. చల్లబరిచే వేగం, కరిగించే వేగం, సంచి ఆకారం అన్నీ పరీక్షించి రాసుకున్న లెక్క ప్రకారమే జరుగుతాయి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18. అంటే గడ్డకట్టించేంత చలి ఉంది, కదలిక ఆపేంత చలి లేదు. రెండిటి చెడూ అక్కడే ఉంది.

పొడి మందులు, అంటే లయోఫిలైజ్ చేసినవి, ఇదే లెక్క మీద తయారవుతాయి. వయల్‌ను మైనస్ 40, 45 దాకా చల్లబరిచి, గాలి పీల్చేసి, 0.1 మిల్లీబార్ అటూఇటూ పీడనంలో మంచును ద్రవం కాకుండానే ఆవిరి చేస్తారు. ఆ మొదటి దశలో మందు ఉష్ణోగ్రత గాజులా బిగుసుకునే ఆ గీత కంటే రెండు మూడు డిగ్రీలు కిందే ఉండాలి. తొందరపడి షెల్ఫ్ వేడి పెంచితే కేకు, అంటే వయల్‌లో మిగిలే పొడి దిమ్మ, కుప్పకూలుతుంది. మంచి వయల్‌లో కేకు మొత్తం ఒకే దిమ్మలా, తెల్లగా నిలబడి ఉంటుంది. కొద్దిగా పగుళ్లు ఉన్నా పర్వాలేదు. అడుగున జిగురులా కరుచుకుని ఉంటే మాత్రం తేమ చేరినట్టు, తిరిగి ఇచ్చేయండి. పొడి కాబట్టి బీరువాలో పెట్టొచ్చు అనుకోవద్దు, దానికీ చాలావరకు ఫ్రిజ్జే.

డబ్బా దగ్గరికి వద్దాం. చెన్నై నుంచి నెల్లూరుకో, బెంగళూరు నుంచి అనంతపురానికో నాలుగైదు గంటల ప్రయాణమైతే నా ఓటు చల్లటి నీళ్ల ప్యాకులకే. ఫ్రీజర్‌లో పెట్టినవి కాదు, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి 5 డిగ్రీలకు తెచ్చినవి. వ్యాక్సిన్ల రవాణాలో కూడా గడ్డకడితే చెడే వాటికి ఈ పద్ధతి వాడతారు. లోటేమిటంటే ఓపిక తక్కువ. కిలో మంచు సున్నా దగ్గర కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తాగుతుంది, కిలో నీళ్లు 5 నుంచి 15 డిగ్రీలకు రావడానికి తాగేది 42 మాత్రమే. ఎనిమిదో వంతు. కాబట్టి నీళ్ల ప్యాకులు ఎక్కువ కావాలి, థర్మాకోల్ గోడ కనీసం రెండంగుళాలు ఉండాలి. దారిలో టీ తాగినప్పుడల్లా మూత తీసి "చల్లగా ఉందా" అని తడిమి చూడకూడదు.

రాత్రంతా ప్రయాణం, ఐస్ తప్పదు అంటే కండిషనింగ్ చేయాలి. ఐస్ ప్యాకును ఫ్రీజర్‌లోంచి తీసి బల్ల మీద పరచండి. మొదట దాని మీద తెల్లటి నూగులాంటి మంచు పడుతుంది. ఆ దశలో అది ఇంకా సున్నాకు చాలా కింద ఉంది, ముట్టుకోకండి. కాసేపటికి నూగు కరిగి ప్యాకు చెమట పడుతుంది. అప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గడ్డ కదిలి, నీళ్లు తొణికిన చప్పుడు వినబడితే అది సున్నాకు వచ్చినట్టు. చెన్నై మే నెలలో ఇది తొందరగా అవుతుంది, బెంగళూరు డిసెంబరులో గంట దాటినా కాకపోవచ్చు. గడియారాన్ని నమ్మకండి, చెవిని నమ్మండి. ఆ తర్వాత కూడా మందు అట్టపెట్టె తీయకుండా, ప్యాకుకూ పెట్టెకూ మధ్య మందపాటి అట్టో, నాలుగు మడతల న్యూస్ పేపరో పెట్టాలి. ఐస్ గోడల వెంట, మందు మధ్యలో.

ఒక జాగ్రత్త. షాపుల్లో దొరికే నీలం జెల్ ప్యాకులన్నీ ఒకటి కావు. కొన్నిటిలో ఉప్పు ద్రావణం ఉంటుంది, అవి సున్నాకు కిందే కరుగుతాయి. చేపలకూ ఐస్‌క్రీములకూ బాగుంటాయి గానీ ఎంత చెమట పట్టినా మందుకు పనికిరావు. పెద్ద ఆస్పత్రులు, డిస్ట్రిబ్యూటర్లు వాడే 5 డిగ్రీల పీసీఎం (ఫేజ్ ఛేంజ్ మెటీరియల్) ప్యాకులు వేరు. లోపల ఉన్న పారఫిన్ లాంటి పదార్థం 5 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కిలోకు దాదాపు 200 కిలోజౌళ్లు తాగుతుంది. నీళ్ల ప్యాకు భద్రత, ఐస్ ఓపిక రెండూ ఉంటాయి. దొరికితే అవే కొనండి, పదేపదే వాడుకోవచ్చు. వాటినీ ఫ్రీజర్‌లో గట్టిపరిస్తే మాత్రం తిన్నగా వాడకూడదు, చెమట పట్టించాల్సిందే.

ఇంట్లో ఫ్రిజ్ ఇంకో కథ. ఒకే తలుపున్న పాతరకం ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద ఒక చిల్ ట్రే ఉంటుంది. పాలప్యాకెట్ అక్కడ పెడితే మంచుముక్కలు కడుతుంది కదా, ఇన్సులిన్‌కూ అదే జరుగుతుంది. తలుపులో పెడితే తెరిచినప్పుడల్లా వేడిగాలి. రెండు తలుపుల ఫ్రిజ్‌లో వెనకగోడ మీద చల్లగాలి వచ్చే సందు ఉంటుంది, దాని ఎదుట పెడితే గడ్డకడుతుంది. సరైన చోటు మధ్య అర, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. వైరు ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని దాని మొనను గాలిలో వదిలేయకుండా చిన్న నీళ్లసీసాలో ముంచి ఉంచండి. గాలి ఉష్ణోగ్రత తలుపు తెరిచినప్పుడల్లా ఎగిరి పడుతుంది, నీళ్లు చూపించేదే మందు అసలు పరిస్థితి. కింది అరలో నాలుగు నీళ్ల బాటిళ్లు ఎప్పుడూ ఉండనివ్వండి. కరెంటు పోయినప్పుడు తలుపు మూసి ఉంచితే అవే కాపాడతాయి.

ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇన్సులిన్‌కు కుండ పద్ధతి ఉంది, తీసిపారేయాల్సింది కాదు. పెద్ద కుండలో తడి ఇసుక, దాంట్లో చిన్న కుండ, దాంట్లో ప్లాస్టిక్ డబ్బాలో వయల్, పైన తడిగుడ్డ. కానీ కుండ చలవ గాలి పొడిని బట్టి ఉంటుంది. అనంతపురం ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు బాగా ఆవిరై 26 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. చెన్నై సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, అదే కుండ 29, 30 దగ్గర ఆగిపోతుంది. వాడుకలో ఉన్న వయల్‌కు అదీ సరిపోతుంది. మూడు నెలల సరుకు నిల్వకు సరిపోదు, అది పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లోనో మెడికల్ షాపులోనో పెట్టుకోవడమే మేలు.

ఇన్సులిన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. మన దేశంలో వయల్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లు, పెన్ను కార్ట్రిడ్జి 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. మనిషి పడిపోతాడు. పాలలా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేయాలి. ఊపకూడదు. కలిపాక కూడా గోడకు మంచుపొడిలా రేణువులు అంటుకుని ఉంటే అది గడ్డకట్టి కరిగినది. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, కారణం అది పీహెచ్ 4లో కరిగి ఉండటం. చర్మం కింద పీహెచ్ మారగానే అవక్షేపమై, మెల్లగా కరుగుతూ రోజంతా పనిచేస్తుంది. దాన్ని వేరే ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలిపితే ఆ పని సిరంజిలోనే అయిపోతుంది.

ఆస్పత్రిలో మందు కలిపే చోటికి వెళ్దాం. 2014లో బయోకాన్ బెంగళూరు నుంచి ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు బయోసిమిలర్‌ను, అంటే అసలు బ్రాండును పోలిన మందును, మన మార్కెట్లోకి తెచ్చాక రొమ్ము క్యాన్సర్ వార్డుల్లో 440 మి.గ్రా. వయల్ బాగా అలవాటైంది. దానితో పాటు 20 మి.లీ. బాక్టీరియోస్టాటిక్ (క్రిములు పెరగనివ్వని) నీళ్లు వస్తాయి, అందులో 1.1 శాతం బెంజైల్ ఆల్కహాల్. ఆ నీటిని సన్నటి ధారగా, తిన్నగా కేకు మీదికే వదలాలి. తర్వాత వయల్‌ను బల్ల మీద గుండ్రంగా మెల్లగా తిప్పాలి, గ్లాసులో మిగిలిన కాఫీ తిప్పినట్టు. ఊపితే నురగ, నురగలో ప్రోటీన్ చిక్కుకుని, సిరంజిలోకి వచ్చేది తక్కువ. కొంచెం నురగ వస్తే కంగారు లేదు, ఐదు నిమిషాలు అలా వదిలేస్తే దిగిపోతుంది. ఇప్పుడు మి.లీ.కి 21 మి.గ్రా. ఉంటుంది, రంగు లేకుండా లేదా లేత పసుపుగా.

60 కిలోల మనిషికి మొదటిసారి కిలోకు 8 మి.గ్రా. చొప్పున 480, అంటే 22.9 మి.లీ. ఒక వయల్ చాలదు, రెండోది కలపాలి. రెండో వయల్‌లో 400 మి.గ్రా. మిగులుతుంది. ప్రిజర్వేటివ్ ఉన్న నీటితో కలిపితే ఫ్రిజ్‌లో 28 రోజులు నిలుస్తుంది. తర్వాతి డోసు 21వ రోజు, కిలోకు 6 చొప్పున 360. మిగిలినదే సరిపోతుంది, కొత్త వయల్ అక్కర్లేదు. ఈ లెక్క రోగి ఇంటివాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఇక్కడ విడమరిచి రాశాను. షరతులు రెండు: మిగిలిన వయల్ ఇంటికి తీసుకుపోకుండా ఆస్పత్రి ఫార్మసీ ఫ్రిజ్‌లోనే పేరు, తేదీ, గంట రాసి ఉండాలి. బెంజైల్ ఆల్కహాల్ పడనివాళ్లకు మామూలు స్టెరైల్ నీళ్లతో కలిపితే ఈ లెక్క చెల్లదు, వాడగా మిగిలింది పారేయాలి.

కలిపిన మందును 250 మి.లీ. సెలైన్‌లో వేయాలి. 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు, ట్రాస్టుజుమాబ్ అందులో ముద్దకడుతుంది. బెవాసిజుమాబ్ అనే ఇంకో క్యాన్సర్ యాంటీబాడీకీ సెలైనే. తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్‌ను పలుచన చేయాల్సి వస్తే సరిగ్గా తిరగేసి: డెక్స్‌ట్రోస్‌లోనే, సెలైన్‌లో వేస్తే అవక్షేపం. మి.లీ.కి 15 మైక్రోగ్రాముల కంటే పలుచన అయితే గోడలకు అంటుకుపోకుండా ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) కూడా కలపాలి. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి రెండూ సరే. దీన్ని ఒక సూత్రంగా గుర్తుపెట్టుకోవాలని చూడొద్దు, సూత్రం లేదు. ప్రతి మందుకూ దాని పెట్టెలోని కాగితం చదవాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంకో యాంటీబాడీ కాగితం అయితే నీటి ధార కేకు మీద కాకుండా వయల్ గోడ మీద పడాలంటుంది. 1.2 మైక్రాన్ ఫిల్టర్ ఉన్న సెట్‌తో రెండు గంటలకు తగ్గకుండా ఎక్కించాలంటుంది. మామూలు సెట్ తగిలించి ఎక్కించేసే వార్డులు ఉన్నాయి. అడగండి, తప్పులేదు.

సెలైన్ సంచిలోకి వచ్చాక మందు ఇంకా సున్నితం. కారణం చాలామంది ఆలోచించనిది: పలుచన అయ్యేది ప్రోటీన్ ఒక్కటే కాదు, పాలిసార్బేట్ కూడా. పన్నెండింతలు పలుచబడ్డాక అది కాపలా కాయలేదు. పైన గాలి ఉన్న సంచిని ఫార్మసీ నుంచి వార్డుకు న్యూమాటిక్ ట్యూబులో (గాలి ఒత్తిడితో సామాన్లు నెట్టే గొట్టంలో) పంపితే లోపల గాలీ నీళ్లూ చిలికినట్టే. పక్క బ్లాకుకు ఆటోలో వేసి పంపినా అంతే. మనిషి చేతిలో పట్టుకుని నడిచి వెళ్లడం ఉత్తమం. ట్యూబు తప్పదంటే ముందు సంచిలోని గాలి తీసేయాలి.

ఇంట్లో వేసుకునే సిరంజిలు, ఆటోఇంజెక్టర్ల ఇబ్బంది చిక్కదనం. చర్మం కింద మామూలుగా ఒకటి రెండు మి.లీ. మించి పట్టదు, యాంటీబాడీ మోతాదేమో వందల మి.గ్రా. అందుకని మి.లీ.కి 100, 150 మి.గ్రా. దాకా కుక్కాలి, ద్రవం పలుచటి పాకంలా అవుతుంది. సూది లోపలి వ్యాసం సగమైతే నెట్టడానికి బలం 16 రెట్లు కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పొడిస్తే ఇంకా చిక్కగా ఉండి నొప్పి ఎక్కువ, ఆటోఇంజెక్టర్ పూర్తిగా ఖాళీ కాకముందే తీసేసే ప్రమాదమూ ఉంది. 15 నుంచి 30 నిమిషాలు గదిలో ఉంచాలి. వేడినీళ్లలో ముంచడం, కిటికీలో ఎండకు పెట్టడం వద్దు. చర్మం కింద ఎక్కువ మోతాదు పట్టించడానికి ఇంకో దారి హైలురోనిడేజ్ ఎంజైము. అది కణజాలంలోని జెల్లీని కాసేపు వదులు చేస్తుంది. దానితో కలిపిన ట్రాస్టుజుమాబ్ 600 మి.గ్రా. 5 మి.లీ.లో, తొడలో 2 నుంచి 5 నిమిషాల్లో అయిపోతుంది. గంటన్నర డ్రిప్పుతో పోలిస్తే మంచమే అక్కర్లేదు.

సిరంజి గాజు, రబ్బరు కూడా మందులో భాగమే. పిస్టన్ జారడానికి లోపల పూసే సిలికోన్ నూనె చుక్కలుగా విడి ప్రోటీన్‌కు అంటుకుంటుంది. గాజులో సూది బిగించే రంధ్రం చేసేటప్పుడు మిగిలే టంగ్‌స్టన్ కూడా ముద్దకట్టిస్తుంది. 1998లో యూరప్‌లో ఒక ఎపోయిటిన్ (ఎర్రకణాల తయారీని పెంచే హార్మోన్) మందు నుంచి మనిషి ఆల్బుమిన్ తీసేసి పాలిసార్బేట్ 80 పెట్టారు. తర్వాతి నాలుగేళ్లలో కిడ్నీ రోగుల్లో కొందరికి సొంత ఎర్రకణాల తయారీ పూర్తిగా ఆగిపోయింది, విరుగుడు యాంటీబాడీలు మందుతో పాటు శరీరం సొంత హార్మోన్‌ను కూడా కొట్టేశాయి. పూత లేని రబ్బరు బిరడాల నుంచి దిగిన రసాయనాల మీద ప్రధానంగా అనుమానం పడింది. పూత ఉన్న బిరడాలు వాడి, కోల్డ్ చెయిన్ (దారి పొడుగునా చల్లగా ఉంచే ఏర్పాటు) బిగించి, కిడ్నీ రోగులకు చర్మం కింద బదులు నరంలో ఇవ్వడం మొదలుపెట్టాక కేసులు తగ్గిపోయాయి. ఒక్క పదార్థం మార్చడం అంటే ఎంత మారినట్టో ఫార్ములేషన్ వాళ్లకు ఇప్పటికీ అదే పాఠం.

చివరిగా, ఊరు చేరాక డబ్బాలో ఐస్ మందుకు అంటుకుని కనిపించినా, బస్సులో డబ్బా మర్చిపోయి మర్నాడు దొరికినా ఏం చేయాలి? వెలుతురుకు పట్టి చూసి తేటగా ఉంది కాబట్టి బాగుందని తేల్చకండి. కంటికి ఆనే రేణువు కన్నా ఎన్నో రెట్లు చిన్నవి, 10 మైక్రాన్లు దాటినవి వయల్‌కు 6,000 దాకా, 25 దాటినవి 600 దాకా ప్రమాణాలే అనుమతిస్తాయి, అవన్నీ ఉన్నా మందు తేటగానే ఉంటుంది. వ్యాక్సిన్లకు చేసే ఊపి చూసే పరీక్ష కూడా ఇక్కడ చెల్లదు, అది అల్యూమినియం ఉప్పున్న వాటికే. మందును అట్టపెట్టెతో సహా ఫ్రిజ్ మధ్య అరలో పెట్టి, "వాడొద్దు" అని చీటీ అంటించండి. పెట్టె మీదున్న కంపెనీ నంబరుకు ఫోన్ చేసి బ్యాచ్ నంబరు, ఎన్ని గంటలు బయట ఉంది, అప్పటి వేడి ఎంత, ఐస్‌ను తాకిందా అన్నవి చెప్పండి. వేడి తగిలిన సందర్భాలకు వాళ్ల దగ్గర స్టెబిలిటీ లెక్కలు ఉంటాయి, చాలాసార్లు వాడుకోమనే జవాబు వస్తుంది. గడ్డకట్టిందని చెబితే మాత్రం చాలావరకు జవాబు ఒక్కటే, పారేయమని. ఇక ఆ వయల్ మళ్లీ ఫ్రిజ్ దాకా కూడా పోనక్కర్లేదు.